మాట వినని చెంగమ్మ

చెంగమ్మ గురించి చెప్పాలంటే ముందు ఆమె నోటి గురించి చెప్పాలి. చేతుల సంగతి తర్వాత. పట్నంలోని చూలై పేటలో ఆ నోటికి జడవనివాళ్ళు లేరు. పాలల్లో నీళ్ళు కలిపే పాలవాడు ఆమె గుమ్మం దగ్గరికి రాగానే సైకిలు దిగి, తల వంచుకుని నడిచిపోయేవాడు. రిక్షావాళ్ళు ఎందుకొచ్చిన గొడవ అని బేరమాడకుండానే ఎక్కించుకునేవాళ్ళు. అంత నోరూ పురిటిగది గడప దాటేసరికి ఎక్కడికి పోయేదో పోయేది. "ఏం లేదు తల్లీ, నేనుండా గదా" అన్న ఒక్క మాటే లోపల్నుంచి వినబడేది, గంటల తరబడి, ఒకే గొంతుతో. ఆ మాట వింటూ బిడ్డల్ని కన్నవాళ్ళు చూలైలోనూ సౌకార్‌పేటలోనూ వీధికి పదిమంది ఉండేవాళ్ళు.

చెంగమ్మ మాత్రం కనలేదు. పద్నాలుగేళ్ళకు పెళ్ళయింది. పందొమ్మిదో ఏట మొగుడు జ్వరం తగిలి మూడు రోజుల్లో పోయాడు. కడుపో కాయో లేని పిల్లను పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకుపోతామంటే, అత్త అమ్మణి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "దీని చేతులు చూసినారా? ఎంత సన్నంగా, ఎంత పొడుగ్గా ఉండాయో చూడండి. ఈ చేతుల్ని నేను పోనీను" అంది. అమ్మణి ఆ పేటకంతటికీ మంత్రసాని. అది కోడలి మీద ప్రేమో, చేతుల మీద ప్రేమో చెంగమ్మకు చాలాకాలం అర్థం కాలేదు. తర్వాత్తర్వాత రెండూ ఒకటేలే అని సరిపెట్టుకుంది.

అమ్మణి కోడలికి నేర్పిన మొదటి పాఠం అందరికీ తెలిసిన సామెతే: మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి. రెండో పాఠం మాత్రం ఆమె సొంతం. ఎవరింటికి వెళ్ళినా గడప ఇవతలే నిలబడి, ఆ ఇంటి పెద్దామెను అడగాలి: "మీ ఇంట్లో ఎట్లా కంటారమ్మా?" జవాబు విన్నాకే కాలు లోపల పెట్టాలి. "బిడ్డ ఎట్లా పుడతాదో నీకు తెలుసు. ఆ ఇంట్లో ఎట్లా పుట్టాలనో నీకేం తెలుసు? ఒక ఇంటి పద్ధతి ఇంకో ఇంటికి మోసుకుపోయినావంటే మళ్ళా నిన్ను పిలవరు" అనేది.

అడక్కుండా పోతే ఎంత ప్రమాదమో చెంగమ్మకు తొందర్లోనే తెలిసింది. చూలైలోని తెలుగు కోమట్ల ఇళ్ళల్లో నొప్పులు మొదలవగానే పెట్టెల తాళాలన్నీ తీసేవాళ్ళు, జడలు విప్పేవాళ్ళు, బియ్యం డబ్బా మూత కూడా తెరిచిపెట్టేవాళ్ళు. ఇంట్లో ఏదీ బిగిసి ఉండకూడదు. అక్కడినుంచి నడిచి సౌకార్‌పేట మార్వాడీల ఇంటికి పోతే దానికి పూర్తిగా తలకిందులు. కిటికీలన్నీ మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి, కుంపట్లో వాము పొగ వేసేవాళ్ళు. గాలి పీల్చితే వాము, మింగితే వాము. పెరంబూరు రైల్వే క్వార్టర్లలో దొరసానులు మంచమెక్కి పడుకుని కనేవాళ్ళు, కింద పాత పేపర్లు పరిచి. మొగుడు బయట సిగరెట్టు మీద సిగరెట్టు కాలుస్తూ తిరిగేవాడు. బాలింతకు తెలుగిళ్ళల్లో కాయం ఉండ, మార్వాడీల ఇంట నెయ్యి కారే గోందు జిగురు లడ్డు, దొరసానికి కోడి సూపులో ఒక చెంచా బ్రాందీ. ఇన్నీ చూసి చెంగమ్మ ఒకసారి అత్తను అడిగింది, "ఇందులో ఏది సరి అత్తా?" అని. "తల్లీ బిడ్డా లేచి తిరిగితే అన్నీ సరే" అంది అమ్మణి.

ఇక తిరువొత్తియూరు బెస్తపల్లె సంగతి వేరు. అక్కడినుంచి చూలైకి చేపల గంప నెత్తిన పెట్టుకొచ్చే అమ్మాసి, చెంగమ్మను తన కూతురి కాన్పుకు పిలుచుకుపోయింది. అప్పటికి చెంగమ్మకు పాతికేళ్ళు దాటాయి, అమ్మణి కాలం చేసి ఏడాది అయింది. ఆ గుడిసెలో ఇంటి దూలానికి పడవ తాడు వేలాడగట్టి ఉంది. పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులా తాడు పట్టుకుని వేలాడుతోంది. వాళ్ళు కనే తీరే అది. చెంగమ్మకు మొదట నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఎగిరిపోయింది. బిడ్డ తల బయటికొచ్చింది. వచ్చి, తాబేలు తల లోపలికి లాక్కున్నట్టు వెనక్కి బిగుసుకుంది. భుజం లోపల ఎముకకు తట్టుకుంది. తల నల్లబడుతోంది. చెంగమ్మ చేతులు తలను పట్టుకుని లాగబోయాయి.

"లాగబాకు" అని అరిచింది అమ్మాసి అరవంలో. కూతురి చేతుల్లోంచి తాడు విడిపించి, వీపు మీద చెయ్యి వేసి ముందుకు వంచింది. పిల్ల దోగాడే బిడ్డలాగా రెండు చేతులూ రెండు మోకాళ్ళూ నేలకానించింది. "పడవ ఇసకలో దిగబడితే ముక్కు పట్టుకుని లాగుతారా? పక్కకు తిప్పుతారు. తల్లి తిరిగితే లోపల చోటు తిరుగుతాది. ఇప్పుడు చూడు" అంది. చెంగమ్మ చూసింది. ఇంతసేపూ వెనకవైపు ఉన్న రెండో భుజం ఇప్పుడు పైవైపుకు వచ్చి, దానంతట అదే జారింది. బిడ్డ ఏడ్చింది. అమ్మాసి ఆ పూట సొరచేపను పొడిగా వేయించిన పుట్టుతో అన్నం పెట్టి పంపింది.

తర్వాతి ఇరవై ఏళ్ళలో ఆ పల్లెలోనే ఇంకో రెండుసార్లు చెంగమ్మ అలా తిప్పి బిడ్డల్ని బయటికి తీసింది. వేరే ఇళ్ళల్లో మాత్రం ఆ పని చెయ్యలేదు. ఒక ఇంటి పద్ధతి ఇంకో ఇంటికి మోసుకుపోకూడదన్నది అత్త మాట, అత్త మాటంటే చెంగమ్మకు వేదం. లోకంలో ఆమె ఎవరి మాటైనా విన్నదంటే అది అత్త మాట ఒక్కటే.

*

1955లో చూలై ప్రసూతి కేంద్రంలోకి పంకజం అని కొత్త నర్సు వచ్చింది. పురసవాక్కం తెలుగువాళ్ళ పిల్ల, ఇరవయ్యారేళ్ళు, ఇంకా పెళ్ళి కాలేదు. గంజిపెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని, చేతిలో రిజిస్టరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. మంత్రసానులందరూ మూడు నెలలు క్లాసుకు రావాలి. పాసైనవాళ్ళకు కార్డు ఇస్తారు. కార్డు లేనివాళ్ళు ఇకమీదట కాన్పు చేయకూడదు. చేస్తే కేసు పెడతారు.

"ఇరవయ్యేడేళ్ళుగా చేస్తా ఉండా. కార్డు అడిగి పుట్టిన బిడ్డ ఒక్కటీ లేదు" అంది చెంగమ్మ గుమ్మంలోంచే.

"బుధవారం, శనివారం. మధ్యాహ్నం రెండు గంటలకు. ఆలస్యంగా వస్తే లోపలికి రానీను" అంది పంకజం, పెన్సిలుతో పేరు రాసుకుంటూ. చెంగమ్మకు ఒళ్ళు మండిపోయింది. అయినా మొదటి బుధవారం అందరికంటే ముందు పోయి కూర్చుంది. ఎందుకంటే కార్డు రాకపోతే ఆమెకు ఇంకేమీ మిగలదు. మొగుడు లేడు, బిడ్డ లేదు, అత్త పోయింది. ఉన్నవి ఆ రెండు చేతులే. వాటికి పని లేదంటే చెంగమ్మ అనే మనిషే లేదు. ఆ సంగతి ఆమె పైకి ఒప్పుకోలేదు గాని, రాత్రి నిద్ర పట్టక చేతులు చూసుకునేది.

క్లాసులో చెంగమ్మ కాక ఇంకో పదమూడుమంది ఆడవాళ్ళు చాప మీద కూర్చున్నారు. "పెళ్ళి కాని పిల్ల మనకు కాన్పు నేర్పేదా?" అని వెనక ఎవరో గుసగుసలాడారు. చెంగమ్మ తిరిగి చూసింది. "నేనేం కన్నానని ఇన్నేళ్ళుగా నన్ను పిలస్తా ఉండారు? ఊరికే కూర్చో" అంది. పంకజం ఆ మాట వింది. ఆరోజు పలక మీద బొమ్మ గీసేటప్పుడు చెంగమ్మకు కనబడేటట్టు కొంచెం పక్కకు జరిగి గీసింది.

మూడో వారం బొడ్డు సంగతి వచ్చింది. బొడ్డు కోసే బ్లేడు నీళ్ళల్లో మరగబెట్టాలి, కోసినచోట బూడిద గాని పసుపు గాని పెట్టకూడదు అంది పంకజం. పెడితే అందులోంచి విషం ఎక్కి, వారం తిరిగేలోగా బిడ్డ దవడ బిగుసుకుంటుంది, పాలు పట్టదు, ఒళ్ళు విల్లులాగా వంగి పోతుంది.

చెంగమ్మ నోరు పడిపోయింది. అది అమ్మణి నేర్పిన బూడిద. పిడకల బూడిదను గుడ్డలో జల్లించి, చిన్న కుండలో భద్రంగా పెట్టుకుని, ఏ ఇంటి పద్ధతి ఏదైనా ఆ బూడిద మాత్రం అన్ని ఇళ్ళల్లోనూ అద్దేది. దవడ బిగిసిన బిడ్డల్ని ఆమె చూసింది. పక్షిదోషం అన్నారు, తాయెత్తులు కట్టారు. ఇంటికి పోయి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. గుర్తున్నంతవరకు తొమ్మిది మంది. ఆ రోజు అన్నం తినలేదు. కుండను పెరట్లో రాయికేసి కొట్టి, గోడకు చేరగిలబడి గుండెలవిసేలా ఏడ్చింది.

శనివారం క్లాసయ్యాక ఆగి, పంకజాన్ని అడిగింది. "నువ్వు పదేళ్ళ ముందరే ఎందుకు రాలేదు?"

"పదేళ్ళ ముందు నాకు పదహారేళ్ళు చెంగమ్మా" అంది పంకజం. "మీకు ఎవరూ చెప్పలేదు కదా" అంది.

అప్పట్నుంచి బ్లేడు మరగబెట్టడంలో, గోళ్ళు కత్తిరించుకోవడంలో, మోచేతిదాకా సబ్బు రుద్దుకోవడంలో చెంగమ్మను మించినవాళ్ళు లేరు. అక్కడితో అత్తాకోడళ్ళ మాదిరి ఇద్దరికీ కుదిరిపోయిందనుకుంటే పొరపాటే. ఏడో వారం పంకజం బిడ్డకు గుడ్డబొమ్మనూ, తల్లి కడుపుకు అడుగు తీసేసిన బుట్టనూ తెచ్చి, తల్లిని వెల్లకిలా పడుకోబెట్టే కాన్పు చేయాలని చూపించింది. ఎప్పుడైనా అంతే, ఎవరింట్లోనైనా అంతే.

"బెస్తవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని కంటారు" అంది చెంగమ్మ.

"అది తప్పు."

"మా తెలుగోళ్ళు పీట మీద ఆనుకుని కంటారు."

"అదీ సరి కాదు. పుస్తకంలో ఉండేది ఇదే. పడుకోబెడితేనే మనకు అంతా కనబడుతుంది."

"నీకు కనబడతాది సరే. బిడ్డకు దారి కనబడొద్దా?"

పదమూడుమందీ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. పంకజం మొహం ఎర్రబడింది. "పరీక్షలో నేను చెప్పినట్టు చేయకపోతే కార్డు లేదు. మీకు ఇరవయ్యేడేళ్ళు కాదు, వందేళ్ళ అనుభవం ఉన్నా లేదు" అంది. అన్నంత పనీ చేసే మనిషే. మంచికైనా చెడ్డకైనా మాట తిప్పని పిల్ల అది. చెంగమ్మకు భయం వేసింది, ఆ భయానికి ఇంకా కోపం వచ్చింది.

*

పరీక్షంటే పంకజం కళ్ళెదుట ఒక కాన్పు చేసి చూపించాలి. చెంగమ్మ వంతుకు సౌకార్‌పేట మార్వాడీల కోడలు సుగని వచ్చింది. తొలిచూలు. చెంగమ్మ వాళ్ళింటికి కొత్తది కాదు. సుగని మొగుణ్ణి బయటికి తీసింది కూడా ఆ చేతులే. ఉదయం తొమ్మిది గంటలకు కబురొచ్చింది. పంకజాన్ని వెంటబెట్టుకుని చెంగమ్మ బయల్దేరింది. రిక్షా సందు మొదట్లోనే ఆగిపోయింది. బట్టల మూటలు మోసే కూలీలను తోసుకుంటూ నడిచి, మనిషి అడ్డం తిరగలేనంత ఇరుకు మెట్లెక్కి, మూడో అంతస్తుకు చేరుకున్నారు.

అత్త ధాపూబాయి గుమ్మంలోనే ఉంది. పక్కనే పెద్ద ఇత్తడి పళ్ళెం, చెక్క గరిటె. మగబిడ్డ పుడితే పళ్ళెం మోగించి వీధంతటికీ చెప్పడం వాళ్ళ ఆచారం. ఆడపిల్లయితే పళ్ళెం ముట్టరు. చెంగమ్మ గడప ఇవతల నిలబడి, తెలిసిందే అయినా అడిగింది, "మీ ఇంట్లో ఎట్లా కంటారమ్మా?"

"నీకు తెలుసు కదా. తలుపు మూసెయ్. పొగ వెయ్. నేను బయట కూర్చుంటా" అంది ధాపూబాయి, వచ్చీరాని తెలుగులో.

"కిటికీ ఒకటి తెరవాలి" అంది పంకజం. అరగంట వాదన తర్వాత ఒక రెక్క తెరవడానికి ఒప్పందం కుదిరింది. చెంగమ్మ మోచేతులదాకా సబ్బు రుద్దుకుంది. బ్లేడు మరగబెట్టింది. సుగనిని వెల్లకిలా పడుకోబెట్టింది, పుస్తకంలో ఉన్నట్టే. ఆ పిల్ల ఆ నొప్పుల్లో కూడా ముసుగు తియ్యలేదు. తలుపుకు అవతల అత్త ఉందని. "మొహం దాచుకో, నొప్పి దాచుకోబాకు. ఏం లేదు తల్లీ, నేనుండా గదా" అంటూ చెంగమ్మ పనిలో పడింది. పంకజం గోడ దగ్గర నిలబడి రిజిస్టరులో ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటోంది. పన్నెండు గంటలకల్లా అన్నీ టిక్కులే.

పన్నెండుంపావుకు తల బయటికొచ్చింది. వచ్చి, వెనక్కి బిగుసుకుంది.

చెంగమ్మకు తెలిసిపోయింది. పంకజానికీ తెలిసిపోయింది. రిజిస్టరు కింద పడేసి పరుగున వచ్చి మోకాళ్ళ మీద కూలబడింది. సుగని తొడల్ని ఆ పిల్ల పొట్టకేసి ఒత్తింది. పైనుంచి నొక్కింది. కదల్లేదు. తల నేరేడుపండు రంగుకు తిరుగుతోంది. ఆస్పత్రికి తీసుకుపోదామంటే ఆ మెట్లు, ఆ సందు. పంకజం పుస్తకంలో చదివింది గాని, ఎప్పుడూ కళ్ళతో చూడలేదు. ఆమె వేళ్ళు తలను పట్టుకుని లాగబోయాయి. ఇరవై ఏళ్ళ కిందట చెంగమ్మ వేళ్ళు లాగబోయినట్టే.

"లాగబాకు. మెడ నరం తెగతాది" అని చెంగమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

పట్టుకుంది గాని, ఒక్క క్షణం ఆమె చేతులు కూడా ఆగిపోయాయి. తిప్పితే నర్సు మాట తప్పినట్టు, కార్డు పోతుంది. ఒక ఇంటి పద్ధతి ఇంకో ఇంటికి తెస్తే అత్త మాట తప్పినట్టు. అందులోనూ బెస్తల పద్ధతి సౌకారు ఇంటికి. ఇటు కార్డు, అటు అత్త, మధ్యన ఊపిరాడని బిడ్డ. ఛీ, ఇందులో ఆలోచించేదేముంది అనుకుంది చెంగమ్మ.

"నర్సమ్మా, నేను తిప్పతా ఉండా. కార్డు నువ్వే పెట్టుకో. ఆ భుజం పట్టు."

పంకజం పట్టుకుంది. ఇద్దరూ కలిసి సుగనిని బోర్లా తిప్పి, చేతులూ మోకాళ్ళూ నేలకానించారు. ముసుగు జారి పక్కకు పడింది. "దోగాడే బిడ్డలాగా ఉండు తల్లీ. అంతే. వీపు వదులు చెయ్" అని చెంగమ్మ ఆమె నడుము మీద అరచెయ్యి ఆనించింది. రెండో చేతి వేళ్ళు లోపలికి పోయాయి. అమ్మణి పోనీనన్న వేళ్ళు అవి. భుజం దొరికింది. పైకి వచ్చి ఉంది, అమ్మాసి కూతురికి వచ్చినట్టే. "ఇప్పుడు నొక్కు" అంది. సుగని పళ్ళు బిగించి నొక్కింది. భుజం జారింది, చెయ్యి వచ్చింది, ఒళ్ళంతా ఒక్కసారిగా చెంగమ్మ ఒడిలోకి వచ్చిపడింది.

బిడ్డలో చలనం లేదు. తడిగుడ్డలాగా వేలాడుతోంది.

ఇక్కడ చెంగమ్మ విద్య అయిపోయింది. వీపు మీద తట్టడం తప్ప ఆమెకు ఇంకేమీ రాదు. పంకజం బిడ్డను లాక్కుంది. వేలికి శుభ్రమైన గుడ్డ చుట్టి నోరు తుడిచింది, తల కొంచెం వెనక్కి వాల్చింది, చిట్టి ముక్కూ నోరూ కలిపి తన నోటితో మూసి, ఉఫ్ఫని బుగ్గలో ఉన్నంత గాలే ఊదింది. ఒకటి. రెండు. మూడు. చెంగమ్మకు తెలిసిన దేవుళ్ళందరూ వరసగా గుర్తొచ్చారు. ఏడో ఊపిరికి బిడ్డ ముడుచుకుంది, తుమ్మింది, ఆపైన కప్పు ఎగిరిపోయేలా కేరుమంది.

ఆ కేక తలుపు దాటిందో లేదో, అవతల పళ్ళెం ఢాం ఢామ్మని మోగింది.

చెంగమ్మ బిడ్డను చూసింది. ఆడపిల్ల. ధాపూబాయి ఏమి పుట్టిందని అడగనే లేదు. ఇంతసేపూ లోపల్నుంచి బిడ్డ గొంతు వినబడక, తలుపు చెక్కకు నుదురు ఆనించి ఆ ముసలమ్మ పడిన యాతన ఆమెకే తెలుసు. ఏడుపు వినగానే చెయ్యి ఆగలేదు. కింద కొట్లోంచి మొగవాళ్ళు జేజేలు కొడుతున్నారు. ఎవరో మిఠాయి కొట్టుకు పరుగెత్తారు. చెంగమ్మ బొడ్డు కోసి, బూడిద లేకుండా శుభ్రంగా దారం కట్టి, బిడ్డను గుడ్డలో చుట్టి తలుపు తీసింది.

"అమ్మా, ఆడబిడ్డ" అంది.

ధాపూబాయి చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది. పళ్ళెం వంక చూసింది, బిడ్డ వంక చూసింది. మోగించిన పళ్ళేన్ని వెనక్కి తీసుకోవడానికి ఏ శాస్త్రంలోనూ దారి లేదు. వీధంతా వినేసింది. లోపల కోడలు ముసుగు లేని మొహంతో, చెమటతో, అత్తను సూటిగా చూస్తోంది.

"చచ్చిందనుకున్నా" అంది ధాపూబాయి. "చచ్చిందని అనుకున్నా చెంగమ్మా." కళ్ళల్లోంచి నీళ్ళు జలజలా కారాయి. ఆపైన పళ్ళేన్ని రెండో చేత్తో ఎత్తి పట్టుకుని, మెట్లదాకా పోయి, మొదటికంటే గట్టిగా మోగించింది.

*

మెట్లు దిగి సందులోకి వచ్చాక పంకజం ఒక అంగడి అరుగు మీద కూర్చుండిపోయింది. ఇస్త్రీ చీర నిండా రక్తం, వాము పొగ. చెంగమ్మ పక్కన నిలబడింది.

"కార్డు లేదని నాకు తెలుసులే. ఎర్రసిరాతో రాసుకో" అంది.

"అది ఎవరు నేర్పించారు మీకు?" అంది పంకజం.

"తప్పని చెప్పినావే, ఆ బెస్తోళ్ళు."

పంకజం బుధవారం క్లాసులో గుడ్డబొమ్మనూ బుట్టనూ చెంగమ్మ ముందు పెట్టి, "అందరికీ చూపించండి" అంది. తను పోయి చాప మీద కూర్చుంది. చెంగమ్మకు జీవితంలో మొదటిసారి మాటలు తడబడ్డాయి. రెండు నిమిషాలే. ఆ తర్వాత గంటన్నర ఆపలేదు.

నెలాఖరుకు కార్డులిచ్చారు. చెంగమ్మకు చదవడం రాదు. "ఏం రాసినావో చదువు" అంది. పంకజం గొంతు సవరించుకుని చదివింది. "పేరు, చెంగమ్మ. ఊరు, చూలై. గమనిక: మాట వినదు. పాస్."

"ఇంకోసారి చదువు."

"మాట వినదు. పాస్."

చెంగమ్మ మూడోసారి కూడా చదివించుకుంది. పదమూడుమందీ చప్పట్లు కొట్టారు. కడుపు నిండా సంతోషం పొంగి, దాన్ని ఏం చేసుకోవాలో తెలియక ఆమె తగువుకు దిగింది. "కింద ఇంకా ఏదో ఉందే, అదేంది?"

"నేర్పినవాళ్ళ పేరు. నా పేరు రాశాను."

"నువ్వు నేర్పింది సగం. మిగతా సగం? మా అత్త అమ్మణి పేరు రాయి. తిరువొత్తియూరు అమ్మాసి పేరు రాయి."

"దాంట్లో చోటు లేదు చెంగమ్మా. ఆఫీసులో అడిగితే నేనేం చెప్పేది?"

"నర్సు కూడా మాట వినదని రాసుకోమను."

పంకజం పెన్ను మూత తీసి, కార్డు అంచులో చీమ తలకాయంత అక్షరాలతో రెండు పేర్లూ రాసింది.

మరుసటి ఆదివారం ఇద్దరూ రైలెక్కి తిరువొత్తియూరు పోయారు. అమ్మాసికి డెబ్బై ఏళ్ళు దాటాయి. గుడిసె ముందు ఎండబెట్టిన చేపల మీద వాలే కాకుల్ని తోలుతూ కూర్చుని ఉంది. చెంగమ్మ కార్డు చూపించి, అందులో ఆమె పేరు ఉన్నచోట వేలు పెట్టించి, జరిగిందంతా చెప్పింది. అమ్మాసి కార్డును వాసన చూసి తిరిగి ఇచ్చేసింది.

"ఈయమ్మ ఎందుకొచ్చింది?" అంది పంకజాన్ని చూపించి.

"నేర్చుకుందామని. తాడు పట్టుకునే తీరు, తిప్పే తీరు, అంతా రాసుకుంటాదంట" అంది చెంగమ్మ.

పంకజం చంకలోంచి నోటుబుక్కు తీసి, పెన్సిలు పట్టుకుని నిలబడింది.

"నిలబడి రాసుకునే చదువు కాదమ్మా ఇది. పుస్తకం ఆడ పెట్టి, మోకాళ్ళ మీద కూర్చో" అంది అమ్మాసి.

పంకజం తెల్లచీర వంక చూసుకుంది. చేపల పొలుసులు మెరుస్తున్న ఇసక వంక చూసింది. గుడిసెల్లోంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే బయటికి వచ్చి నిలబడి, నర్సమ్మ ఏం చేస్తుందా అని చూస్తున్నారు. ఆమె నోటుబుక్కు చెంగమ్మకు ఇచ్చి, కుచ్చిళ్ళు ఎగదోపుకుని, మెల్లిగా ఇసకలో మోకాళ్ళానించింది. ఒళ్ళు బిగుసుకుపోయి ఉంది. చెంగమ్మ కార్డును నడుమున దోపుకుని, పక్కనే కూర్చుని, ఆ వీపు మీద చెయ్యి వేసింది.

"ఏం లేదు తల్లీ, నేనుండా గదా" అంది.